పెస్ట్ పేరు కాదు, వరస: ఈ ఇంగ్లీషు మాటను వాక్యాల్లో ఎలా వాడాలి

ఇంగ్లీషు రాదు అనుకునే రైతు కూడా మన దగ్గర రోజుకు పది ఇంగ్లీషు మాటలు వాడతాడు. స్ప్రే, ట్యాంకు, డోసు, డీలరు, గ్రేడు, లోడు. వీటితో ఎవరికీ ఇబ్బంది లేదు. ‘పెస్ట్’ అనే చిన్న మాట దగ్గర మాత్రం డిగ్రీ చదివినవాళ్లు కూడా తడబడతారు. ఒకరు పురుగును పెస్ట్ అంటారు, ఇంకొకరు పురుగుల మందునే పెస్ట్ అంటారు, మరొకరు తెగులును కూడా అందులో కలిపేస్తారు. “రేపు పొద్దుగాల పెస్ట్ కొట్టాలె” అనే మాట మా ఊళ్లో సీజనంతా వినపడుతుంది. ట్యాంకులో కలిపేది పెస్ట్ కాదు, పెస్టిసైడ్.

నేను నల్లగొండలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఈ ఒక్క మాట మీద ఇంత రాయడానికి కారణం మా ఇంట్లో జరిగిన నష్టం.

మా పొలం సాగర్ ఎడమ కాలువ కింద. కొన్నేళ్ల కింద యాసంగిలో నాయిన రెండెకరాల్లో సాంబ మసూరి వేశాడు. రాత్రి చలి, పొద్దున మంచు. ఆకుల మీద మచ్చలు కనిపించాయి. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మందుల దుకాణానికి ఫోన్‌లో మెసేజ్ నేనే పెట్టాను, అదీ ఇంగ్లీషులో: “పెస్ట్ ఇన్ ప్యాడీ. సెండ్ మెడిసిన్.” పెస్ట్ అనగానే వాళ్లు వరి కాండాన్ని తొలిచే మొగి పురుగు అనుకున్నారు. బస్సులో గుళికల సంచి వచ్చింది, నాయిన చల్లాడు. మచ్చలు తగ్గలేదు. మళ్లీ అడిగితే ఈసారి ఇంకో పురుగుల మందు వచ్చింది. ఈ తిప్పల్లోనే పొలం ఈనిక దశకు, అంటే కంకి బయటికి వచ్చే దశకు వచ్చింది, కంకులు మెడ దగ్గర విరగడం మొదలైంది. అప్పుడు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) వచ్చి ఒక ఆకు తెంపి మా ముందు పెట్టాడు. నూలుకండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. “ఇది పురుగు కాదు, అగ్గి తెగులు” అన్నాడు. శిలీంధ్రంతో వచ్చే తెగులు గుళికలకు ఎలా పోతుంది? రెండుసార్లు పెట్టిన ఖర్చు పోయింది, వడ్లలో చాలావరకు తాలే మిగిలింది. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ మెసేజ్‌ను మరిచిపోలేదు.

కాబట్టి ఇది పరీక్ష కోసం మాత్రమే నేర్చుకునే మాట కాదు. ఒక్కో మెట్టు ఎక్కుదాం.

మొదటి మెట్టు: పలకడం

ఇది మనకు తేలిక. తెలుగులో ఎ, ఏ రెండూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి చెవికి తేడా తెలుస్తుంది. హ్రస్వంతో పలికితే పెస్ట్. దీర్ఘం ఇస్తే పేస్ట్, అంటే పళ్లు తోముకునేది, లేదా అల్లం వెల్లుల్లి ముద్ద. తెలుగులో మాట్లాడేటప్పుడు ‘పెస్టు’ అన్నా తప్పేం లేదు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం చివర ‘ఉ’ చేర్చకుండా ట్ దగ్గర ఆపండి.

కష్టమల్లా బహువచనంలో ఉంది. ‘పెస్ట్స్’ అనేటప్పుడు చివర మూడు హల్లులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, నాలుక ఒకటి మింగేస్తుంది. ‘పెస్’ అని ఒక్క క్షణం ఆగి, ‘క్యాట్స్’ చివర వచ్చే ‘ట్స్’ను కలపండి. పెస్... ట్స్. పది సార్లు పైకి అంటే కుదురుతుంది. తరగతిలో నేను ఈ పనికి ఐదు నిమిషాలకంటే ఎక్కువ పెట్టను.

రెండో మెట్టు: వరస తెలుసుకోవడం

అసలు విషయం ఇక్కడ ఉంది. ఇది పట్టుబడితే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి.

‘అల్లుడు’ అనేది మనిషి పేరా? కాదు, వరస. ఒక ఇంటికి అల్లుడైనవాడు ఇంకో ఇంటికి కొడుకు, మరో ఇంటికి బావ. మనిషి ఒక్కడే, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్న దాన్నిబట్టి వరస మారుతుంది. పెస్ట్ కూడా అలాంటి మాటే. ఎలుక, కోతి, చెదపురుగు, అడవిపంది, ఇవన్నీ పేర్లు. అవి మన పంటకో, ఇంటికో, నిల్వకో నష్టం చేసినప్పుడు మనం పెట్టే వరస పెస్ట్.

అచ్చంపేట పక్కన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. ఆ అడవి లోపల అడవిపందిని ఎవరూ పెస్ట్ అనరు. అది పులికి ఆహారం, అడవిలో దానికి ఒక పని ఉంది. అదే పంది రాత్రిపూట అంచునున్న పల్లి చేన్లో పడి సాళ్లు సాళ్లే తవ్వేస్తే ఆ రైతుకు అది పెస్ట్. చెదలూ అంతే. అడవిలో ఎండిన కట్టెను మట్టిలో కలిపే చెదలు మన దర్వాజాకు పడితే పెస్ట్ అవుతాయి.

ఇంకా దగ్గరి నుంచి చూడాలంటే ఉదయం పూట పత్తి చేనుకు వెళ్లి ఒక లేత ఆకును తిరగేయండి. అడుగున పేనుబంక అనే సన్న పురుగుల గుంపు అంటుకుని ఉంటుంది, చేత్తో తాకితే జిగటగా తగులుతుంది. ఆ గుంపు మధ్యలో ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలతో శనగ బద్దంత పురుగు తిరుగుతూ కనిపించవచ్చు. అదే అక్షింతల పురుగు. పేనుబంకను తిని బతుకుతుంది. దాని పిల్ల పురుగు చూడటానికి నల్లగా, ముళ్లు ఉన్నట్టు ఉంటుంది. అది చీడే అనుకుని చాలామంది నలిపేస్తారు. అది కూడా పేనుబంకనే తింటుంది, దయచేసి నలపకండి. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు పైకి చదవండి:

“ఏఫిడ్స్ ఆర్ పెస్ట్స్.” పేనుబంక చీడ.
“ద లేడీబర్డ్ ఈజ్ యాన్ ఇన్సెక్ట్, బట్ ఇట్ ఈజ్ నాట్ ఎ పెస్ట్.” అక్షింతల పురుగు కీటకమే, కానీ చీడ కాదు.

అంటే ప్రతి పురుగూ పెస్ట్ కాదు, ప్రతి పెస్టూ పురుగు కాదు. ఎలుక పురుగు కాదు, అయినా పెస్టే.

ఇక తెగులు సంగతి. ఈ విషయంలో మన భాష చాలా స్పష్టంగా ఉంది. పురుగు, ఎలుక లాంటి వాటితో వచ్చే నష్టానికి చీడ అంటాం. శిలీంధ్రం, బ్యాక్టీరియా, వైరస్‌తో వచ్చేదానికి తెగులు అంటాం. మొగి పురుగు చీడ, అగ్గి తెగులు తెగులు, ఎండాకు తెగులు తెగులు. పేర్లలోనే చెప్పేశారు పెద్దలు. రోజువారీ ఇంగ్లీషులో కూడా ఇదే విభజన: చీడకు పెస్ట్, తెగులుకు డిసీజ్. రెండూ కలిపి చెప్పాలంటే ‘పెస్ట్స్ అండ్ డిసీజెస్’.

అగ్రికల్చర్ బీఎస్సీ చదివే పిల్లలకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందంలో పెస్ట్ అనే మాటకు విస్తృతమైన అర్థం ఇచ్చారు, మొక్కలకు హాని చేసే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా కూడా అందులోకి వస్తాయి. ఆ అర్థం ఆ చట్టాలకు, ఆ పుస్తకాలకు సరైనదే. దుకాణంలో, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం పెస్ట్‌ను, డిసీజ్‌ను విడదీసి చెప్పండి. కలిపి చెబితే ఏమవుతుందో పైన రాశాను.

మూడో మెట్టు: వరసకు ముందు పేరు చెప్పడం

పెస్ట్ వరస కాబట్టి ముందు పేరు కావాలి. పేరు దగ్గర మనవాళ్లు ఎక్కువగా పడే గుంత ‘దోమ’. తెలుగులో పొలంలో ఎగిరే చిన్న పురుగులు చాలావాటిని దోమ అనేస్తాం. ఒక అబ్బాయి నా దగ్గర “వైట్ మస్కిటో ఇన్ కాటన్” అని రాశాడు. ఇంగ్లీషులో మస్కిటో అంటే మనుషుల్ని, పశువుల్ని కుట్టే దోమ మాత్రమే. పత్తి మీది తెల్లదోమ వైట్‌ఫ్లై. పచ్చదోమ జాసిడ్. వరిలో దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ బ్రౌన్ ప్లాంట్‌హాపర్. ఈ మూడింట్లో దేన్నీ మస్కిటో అనకూడదు.

‘నల్లి’ కూడా అంతే. మంచంలో ఉండే నల్లి బెడ్‌బగ్. మిరప ఆకు కింద ఉండే నల్లి మైట్. తెలుగులో మాట ఒకటే, ఇంగ్లీషులో రెండు.

మిగతావి: మొగి పురుగు స్టెమ్ బోరర్, తామర పురుగు త్రిప్స్, గులాబీ రంగు పురుగు పింక్ బోల్‌వార్మ్, మక్కజొన్న కత్తెర పురుగు ఫాల్ ఆర్మీవార్మ్, బియ్యంలో ముక్క పురుగు వీవిల్. మీ పంటకు వచ్చే నాలుగైదు పేర్లు నోటికి వస్తే చాలు, అన్నీ అక్కర్లేదు. పేరు తెలియకపోతే ‘స్మాల్ గ్రీన్ క్యాటర్‌పిల్లర్’ అని చూసింది చూసినట్టు చెప్పండి. తప్పు పేరు చెప్పడం కంటే అదే మేలు.

నాలుగో మెట్టు: వాక్యం కట్టడం

ఒకే ఒక నమూనా గుర్తుపెట్టుకోండి:

“ద పింక్ బోల్‌వార్మ్ ఈజ్ ఎ పెస్ట్ ఆఫ్ కాటన్.” గులాబీ రంగు పురుగు పత్తికి చీడ.

ఇందులో రెండు చిన్న ముక్కల దగ్గర మనం తప్పు చేస్తాం. మొదటిది ‘ఎ’. తెలుగులో అలాంటి ముక్క లేదు కాబట్టి “బోల్‌వార్మ్ ఈజ్ పెస్ట్” అనేస్తాం. పెస్ట్ లెక్కపెట్టగలిగే మాట, ఒకటైతే ముందు ‘ఎ’ ఉండాల్సిందే. రెండోది ‘ఆఫ్’. “పత్తికి చీడ” అనడం అలవాటు కాబట్టి ‘కి’ని ‘ఫర్’ చేసి “పెస్ట్ ఫర్ కాటన్” అంటాం. ఇంగ్లీషులో పంట పేరు ముందు ‘ఆఫ్’ వస్తుంది. చోటు చెప్పాలంటే ‘ఇన్’, మనుషుల గురించి చెప్పాలంటే ‘టు’.

“ద రెడ్ హెయిరీ క్యాటర్‌పిల్లర్ ఈజ్ ఎ సీరియస్ పెస్ట్ ఆఫ్ గ్రౌండ్‌నట్.” ఎర్ర గొంగళి పురుగు పల్లికి పెద్ద చీడ.
“ద సెమీలూపర్ ఈజ్ ఎ పెస్ట్ ఆఫ్ క్యాస్టర్.” దాసరి పురుగు ఆముదానికి చీడ.
“రాట్స్ ఆర్ ఎ పెస్ట్ ఇన్ అవర్ గోడౌన్.” మా గోడౌన్లో ఎలుకల బెడద.
“మంకీస్ ఆర్ ఎ పెస్ట్ టు ద ఫార్మర్స్ ఇన్ అవర్ విలేజ్.” మా ఊరి రైతులకు కోతులతో బాధ.

చివరి రెండు వాక్యాలు చూసి పిల్లలు అడుగుతారు: ఎలుకలు చాలా కదా, ‘ఎ పెస్ట్’ ఎలా వచ్చింది? ఎలుకలన్నింటినీ కలిపి ఒకే బెడద కింద లెక్కపెట్టినప్పుడు అలా అంటారు. “రాట్స్ ఆర్ పెస్ట్స్” అన్నా సరైనదే. “రాట్స్ ఆర్ పెస్ట్” మాత్రం తప్పు.

చీడ ఎంత పెద్దదో చెప్పాలంటే ముందు ‘మేజర్’, ‘సీరియస్’, ‘కామన్’ చేర్చండి. మనవాళ్లకు ‘డేంజరస్’ బాగా అలవాటు. డేంజరస్ అంటే మనిషికి అపాయమని కూడా అర్థం వస్తుంది, పంట నష్టానికి ‘సీరియస్’ బాగా అతుకుతుంది.

వరస కాలంతో మారుతుంది కాబట్టి ‘బికేమ్’ అనే క్రియ పెస్ట్‌తో చక్కగా కుదురుతుంది. కత్తెర పురుగు అమెరికా ఖండాలది. మన దేశంలో 2018కి ముందు మక్క రైతుకు దాని పేరే తెలియదు. ఆ ఏడాది కర్ణాటకలో కనిపించి, అదే ఏడాది మన దగ్గరికీ వచ్చింది. “ద ఫాల్ ఆర్మీవార్మ్ బికేమ్ ఎ పెస్ట్ ఆఫ్ మేజ్ ఇన్ ఇండియా ఇన్ 2018.” గులాబీ రంగు పురుగు కథ ఇంకోలా ఉంది. కాయతొలిచే పురుగుల్ని చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. కొన్నేళ్లు కాయతొలిచే పురుగుల బాధ తగ్గింది. తర్వాత గులాబీ రంగు పురుగు ఆ బీటీని తట్టుకోవడం నేర్చింది. “ద పింక్ బోల్‌వార్మ్ హాజ్ బికమ్ ఎ మేజర్ పెస్ట్ అగైన్.” ఈ ‘అగైన్’ ఒక్క మాటలో మునుగోడు, చండూరు, గద్వాల పత్తి రైతుల ఎన్నో ఏళ్ల గోస ఉంది.

ఐదో మెట్టు: సరైన క్రియ

తెలుగులో పురుగు వస్తుంది, పడుతుంది, తగులుతుంది. మందు కొడతాం. ఈ క్రియల్ని మాటకు మాట ఇంగ్లీషులోకి దించితే అర్థం చెడుతుంది.

“పత్తికి పురుగు వచ్చింది.” దీన్ని “పెస్ట్ కేమ్ టు కాటన్” అనకండి. “బోల్‌వార్మ్స్ ఆర్ అటాకింగ్ మై కాటన్” అనండి. “దేర్ ఈజ్ ఎ పెస్ట్ అటాక్ ఇన్ మై ఫీల్డ్” అన్నా అర్థమవుతుంది. ‘పెస్ట్ అటాక్’, ‘పెస్ట్ కంట్రోల్’, ‘పెస్ట్ మేనేజ్‌మెంట్’ అనేటప్పుడు పెస్ట్‌కు ‘స్’ చేర్చకూడదు.

“బియ్యానికి పురుగు పట్టింది.” ఇక్కడ వాడాల్సింది ‘ఇన్ఫెస్టెడ్’. “ద రైస్ ఈజ్ ఇన్ఫెస్టెడ్ విత్ వీవిల్స్.” చాలామంది ‘ఇన్ఫెక్టెడ్’ అంటారు. చూడటానికి ఒక్క అక్షరం తేడా, కానీ ఆ అక్షరం దగ్గరే చీడ, తెగులు విడిపోతాయి. పురుగులు, ఎలుకలు గుంపుగా చేరితే ఇన్ఫెస్టెడ్. తెగులు సోకితే ఇన్ఫెక్టెడ్. “ద ప్యాడీ ఈజ్ ఇన్ఫెక్టెడ్ విత్ బ్లాస్ట్” అంటే వరికి అగ్గి తెగులు సోకిందని. ఈ రెండు వాక్యాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కనే రాసి గోడకు అంటించుకోమని మా పిల్లలకు చెబుతాను.

“మందు కొట్టిన.” “ఐ స్ప్రేడ్ ద క్రాప్.” ఏ మందో చెప్పాలంటే “ఐ స్ప్రేడ్ యాన్ ఇన్సెక్టిసైడ్ ఆన్ ద క్రాప్.” మనుషులకు వేసేది మెడిసిన్, పంటకు వేసేదాన్ని మెడిసిన్ అనరు. నా పాత మెసేజ్‌లో ఇది రెండో తప్పు.

ఆరో మెట్టు: డబ్బా మీద ‘సైడ్’ చదవడం

లాటిన్ నుంచి వచ్చిన ‘సైడ్’ అనే తోకకు చంపేది అని అర్థం. దాని ముందున్న భాగం దేన్ని చంపుతుందో చెబుతుంది. ఇన్సెక్టిసైడ్ పురుగుల్ని, ఫంగిసైడ్ శిలీంధ్రాన్ని, హెర్బిసైడ్ లేదా వీడిసైడ్ కలుపును, రోడెంటిసైడ్ ఎలుకల్ని. వీటన్నింటికీ ఇంటిపేరు లాంటిది పెస్టిసైడ్. మన దేశంలో వీటిని నియంత్రించే 1968 చట్టం పేరు ఇన్సెక్టిసైడ్స్ యాక్ట్ అయినా, శిలీంధ్రాల మందులు, కలుపు మందులు కూడా దాని కిందికే వస్తాయి. కాబట్టి పేరు ఒక్కటి చూసి కొనకండి, డబ్బా మీద ఏ పంటకు, ఏ చీడకు అని రాసి ఉన్న భాగం చదవండి. ఎండాకు తెగులు లాంటి బ్యాక్టీరియా తెగుళ్లకు పురుగుల మందు పనిచేయదు.

డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ విషం. ఎరుపు, పసుపు వాటి మీద ‘పాయిజన్’ అని, నీలం మీద ‘డేంజర్’ అని, ఆకుపచ్చ మీద ‘కాషన్’ అని రాసి ఉంటుంది. కాషన్ అంటే జాగ్రత్త. ఆకుపచ్చ ఉంది కదా అని చేతితో కలపకండి, అది కూడా విషమే. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ మూడు మాటలు నాయినకు, అమ్మకు చదివి చెప్పండి.

ఏడో మెట్టు: మనిషిని పెస్ట్ అనడం

‘చీడపీడలు’ అని మనం జంటగా అంటాం. పెస్ట్‌లో ఈ రెండూ ఉన్నాయి. పంటకు చీడ, మనసుకు పీడ. లాటిన్‌లో ‘పెస్టిస్’ అంటే మహమ్మారి, ప్లేగు లాంటి రోగం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చినప్పుడు మొదట ఆ అర్థంలోనే వాడారు. తర్వాత విసిగించే మనిషికి, పంటను తినే పురుగుకు పాకింది. హైదరాబాద్ చార్మినార్‌ను ప్లేగు తగ్గిన గుర్తుగా 1591లో కట్టారని చెప్పుకునే కథ మనందరికీ తెలుసు. ఆ ప్లేగు అనే అర్థమే ఈ మాటకు పాత అర్థం.

ఇప్పుడు మనిషి విషయంలో పెస్ట్ అంత బరువైన మాట కాదు. తెలుగులో “పీడ విరగడైంది” అంటే ఎంత కటువుగా ఉంటుందో ఇంగ్లీషులో పెస్ట్ అంత కటువు కాదు. తమ్ముడు పక్కన కూర్చుని ఫోన్ ఇమ్మని అడుగుతూనే ఉంటే “డోంట్ బి ఎ పెస్ట్!” అనవచ్చు. సతాయించకురా అన్నట్టు. పెద్దవాళ్లను, గురువులను, కొత్తవాళ్లను మాత్రం అనకండి, అక్కడ అది మర్యాద తప్పినట్టే.

సతాయించడానికి ఇంగ్లీషు క్రియ ‘పెస్టర్’. ‘పెస్టింగ్’ అనే మాట లేదు. “హి ఈజ్ పెస్టరింగ్ హిజ్ మదర్ ఫర్ ఎ బైక్.” వాడు బైక్ కోసం వాళ్లమ్మను సతాయిస్తున్నాడు. ఫోన్ చేసి లోను కావాలా అని వెంటపడేవాళ్లకు కూడా ఇదే క్రియ వాడవచ్చు. ‘పెసల్’ అని పలికే మాట మాత్రం ఈ కుటుంబంది కాదు, అది రోటిలో దంచే రోకలిబండ.

ఎనిమిదో మెట్టు: చుట్టాలు

వర్మిన్ అనే మాట కూడా ఇంచుమించు ఇదే అర్థంలో ఉంది, ఎక్కువగా ఎలుకల్లాంటి జంతువులకు, అసహ్యం కలిపి వాడతారు. దీనికి బహువచనం లేదు, ‘వర్మిన్స్’ అనకూడదు. “ద గోడౌన్ ఈజ్ ఫుల్ ఆఫ్ వర్మిన్.” లాటిన్‌లో వర్మిస్ అంటే పురుగు, అదే మాట మన వర్మీకంపోస్టులో ఉంది. వానపాములతో ఎరువు చేసేదీ, గోడౌన్లో గింజలు తినేదీ ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లు కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకి, పండ్లు తినే గబ్బిలం, ఎలుక లాంటివాటిని వర్మిన్ జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితాను తీసేశారు. చట్టంలో కూడా అది వరసే, శాశ్వతమైన పేరు కాదు.

బగ్ మామూలు మాటల్లో ఏ చిన్న పురుగైనా కావచ్చు. అది మంచిదా చెడ్డదా అని ఆ మాట చెప్పదు. నష్టం గురించి చెప్పాలంటే పెస్ట్ అనే తీరాలి.

తొమ్మిదో మెట్టు: మెసేజ్ రాయడం

ఇప్పుడు నిజమైన పని. ఏఈవోకు, శాస్త్రవేత్తకు తెలుగులోనే రాస్తే చాలు, వాళ్లు మనవాళ్లే. కానీ కంపెనీ వాళ్లకో, వేరే రాష్ట్రం వాళ్లకో ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ముందు చేన్లోకి వెళ్లండి. పత్తి అయితే పూలు చూడండి. రేకలు విచ్చుకోకుండా మెలితిరిగి, గులాబీ మొగ్గలా ముడుచుకుని ఉన్నవి గుడ్డి పూలు. ఒకటి తెంపి రేకలు విప్పితే లోపల సన్నని పురుగు కనిపిస్తుంది. చిన్నప్పుడు తెల్లగా ఉంటుంది, ముదిరితే గులాబీ రంగుకు వస్తుంది. వంద పూలు లెక్కపెట్టి ఎన్ని గుడ్డివో రాసుకోండి. పది దాటితే ఆలస్యం చేయకూడదు. తర్వాత ఇలా రాయండి:

“సర్, ఐ యామ్ ఎ కాటన్ ఫార్మర్ ఫ్రమ్ నల్గొండ డిస్ట్రిక్ట్. మై క్రాప్ ఈజ్ 70 డేస్ ఓల్డ్. ఐ చెక్‌డ్ 100 ఫ్లవర్స్. 12 ఆఫ్ దెమ్ హావ్ స్మాల్ లార్వీ ఇన్‌సైడ్. ఐ థింక్ ద పెస్ట్ ఈజ్ పింక్ బోల్‌వార్మ్. ఐ హావ్ నాట్ స్ప్రేడ్ ఎనీ ఇన్సెక్టిసైడ్ యెట్. ప్లీజ్ టెల్ మి హౌ టు కంట్రోల్ ఇట్.”

ఇందులో పంట, వయసు, లెక్క, చూసింది, అనుమానం, ఇప్పటిదాకా కొట్టిన మందు అన్నీ ఉన్నాయి. ‘ఐ థింక్’ తప్పకుండా ఉంచండి, చూసింది వేరు, అనుకున్నది వేరు అని అవతలివారికి తెలుస్తుంది. ఫోటో పెడితే ఆకు పైభాగం, కిందిభాగం రెండూ తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు అర్థమవుతుంది.

పురుగు కనిపించనప్పుడు పెస్ట్ అనే మాటను ‘లేదు’తో వాడటం కూడా రావాలి. ఆ యాసంగిలో నేను మా నాయిన తరఫున పంపాల్సిన మెసేజ్ ఇది:

“ద లీవ్స్ ఆఫ్ మై ప్యాడీ హావ్ బ్రౌన్ స్పాట్స్. ద స్పాట్స్ ఆర్ పాయింటెడ్ ఎట్ బోత్ ఎండ్స్ అండ్ గ్రే ఇన్ ద సెంటర్. ద నైట్స్ ఆర్ కోల్డ్ హియర్. ఐ లుక్డ్ కేర్‌ఫుల్లీ, బట్ ఐ డిడ్ నాట్ సీ ఎనీ పెస్ట్. ఈజ్ ఇట్ ఎ డిసీజ్?”